బియ్యం డబ్బాలో గేట్ పాస్

ఉద్యోగంలో చేరిన రోజు నా చేతికిచ్చిన సామాను రెండు కత్తెరలు, సంచెడు రంగు కాగితాలు, నాలుగు ఊలు ఉండలు, జిగురు సీసాలు, అట్టముక్కలు, ఒక డబ్బా నిండా సీసా మూతలు. అంతకుముందు తొమ్మిదేళ్ళు ఒక ప్రైవేటు బడిలో చిన్నపిల్లలకు పాఠాలు చెప్పి గొంతు పోగొట్టుకున్నదాన్ని. ఓరి దేవుడా, మళ్ళీ నర్సరీలోకే వచ్చి పడ్డానా అనుకున్నాను. ఇంటికొచ్చి అమ్మకు చెప్పి నవ్వాను కూడా.

మాది పటేల్‌గూడ. నాన్న పెద్ద ప్లాంటులో ఫిట్టరు పనికి గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. నేను పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే. ఇంట్లో ఆ వైపు మాట, వీధిలో ఈ వైపు మాట. రెండూ వచ్చినందుకే నాకు ఈ ఉద్యోగం ఇచ్చారు. గడ్డపోతారం వైపు ఫ్యాక్టరీల్లో కాంట్రాక్టు పని చేస్తూ దెబ్బలు తగిలినవాళ్ళ కుటుంబాలకు ఒక సహాయ కేంద్రం పెట్టాలి. డబ్బు కొన్ని కంపెనీలు కలిసి ఇస్తాయి. ఆ కేంద్రం ఎలా ఉండాలో ఆఫీసులో కూర్చున్నవాళ్ళు తేల్చకూడదు. దాని అవసరం పడిన ఆడవాళ్ళే కూర్చుని, గీసి, కత్తిరించి, అతికించి చూపించాలి. దీన్నే కో-డిజైన్ అంటారు. ఆ పద్ధతి మీద నాకు ఇప్పటికీ కోపం లేదు. చేసిన చేతుల మీదే కోపం, అందులో ఒక జత నావి.

మా డిజైనర్ హైదరాబాదు నుంచి వారానికి రెండు రోజులు వచ్చేవాడు. నాకంటే పదేళ్ళు చిన్న. మంచివాడు, అదే వచ్చిన చిక్కు. చెడ్డవాడైతే హాయిగా తిట్టుకుని పడుకునేదాన్ని. అతను పెట్టిన మొదటి నియమం, ఈ గదిలో సార్లు, మేడమ్‌లు ఉండరు, అందరూ అక్కచెల్లెళ్ళు, అన్నదమ్ములు అని. నా చేతిరాత బాగుంటుందని నాచేతే రాయించి, గడ్డపోతారం వాడలో మేం కిరాయికి తీసుకున్న హాలు గోడకు అంటించాడు. మొదటి రోజు అది చదివి వినిపిస్తే వెనక కూర్చున్న ఒక ముసలామె, "మరి జీతం గూడ గట్లనే సమానమా బిడ్డా?" అంది. అందరూ గొల్లున నవ్వారు. అతనూ నవ్వి, ఆకుపచ్చ కాగితం మీద "హాస్యం" అని రాసి గోడకు పెట్టాడు.

అదీ మా పని తీరు. ఆడవాళ్ళు చెప్పిందాన్ని ఒక్క మాటకు కుదించి రంగు కాగితం మీద రాయాలి. సంతోషమైతే ఆకుపచ్చ, కష్టమైతే నీలం, కోరికైతే పసుపు.

అక్కడే ఆపా పరిచయమైంది. వాడలో హిందువులూ ముసల్మానులూ అందరూ ఆమెను ఆపా, అంటే అక్క, అనే పిలుస్తారు. నలభై అయిదు దాటి ఉంటాయి. భర్త దర్జీ. పటాన్‌చెరులో చిన్న కొట్టు ఉండేదట. రెడీమేడ్ బట్టల దెబ్బకు కొట్టు మూసేసి, ఒక మందుల ఫ్యాక్టరీలో కాంట్రాక్టరు కింద కూలికి వెళ్ళాడు. మూడేళ్ళ క్రితం ఒక సాయంత్రం తిరిగే మిషన్‌లో కుడిచెయ్యి పడి నాలుగు వేళ్ళు పోయాయి. కత్తెర పట్టే చెయ్యి. కాంట్రాక్టరు ఆసుపత్రిలో దింపి కట్టు కట్టించాడు, మర్నాడు మాట మార్చేశాడు. ఆ మనిషి ఆ రోజు డ్యూటీలోనే లేడన్నాడు. హాజరు పుస్తకంలో పేరు లేదు. మిషన్ ఆపి ఆయన్ను బయటికి మోసుకొచ్చిన ఒడిశా కార్మికుడు సొంతూరు వెళ్ళిపోయాడు, ఫోను కలవదు.

ఆయన ఆ రోజు ఫ్యాక్టరీ లోపలే ఉన్నాడని చెప్పడానికి మిగిలింది ఒక్క గేట్ పాస్. బస్సు టికెట్టులా మిషన్‌లోంచి వచ్చే మెత్తటి చీటీ. మనిషి పేరు, తేదీ, లోపలికి వెళ్ళిన టైము దాని మీద ఉంటాయి. పరిహారం కోసం సంగారెడ్డి లేబర్ ఆఫీసులో ఆపా వేసిన అర్జీ మొత్తం ఆ చీటీ మీద నిలబడింది.

"పొద్దుగాల ఆరింటికి పోయిండు చెల్లె," అని మొదటి రోజే చెప్పింది ఆపా. "రెండింటికి ఇడిసిపెట్టాలె. మనుషులు తక్కువున్నరని డబల్ డ్యూటీకి ఆపిండ్రు. కండ్లు మూతలు వడుతున్నయని చెప్పిండట. ఇంటరా?"

నేను నీలం కాగితం తీసి "అలసట" అని రాసి గోడకు అంటించాను.

మూడో రోజు "మా కలల కేంద్రం" కట్టమన్నాం. అట్టముక్కలు, మూతలు, ఊలు ముందు పోసి, గంట సమయం ఇచ్చాం. ఒకామె ఫ్యాను కింద నాలుగు కుర్చీలు పెట్టింది. ఒకామె ఆడవాళ్ళకు మరుగుదొడ్డి కట్టి దానికి గడియ కూడా పెట్టింది. పల్లీలను మనుషుల్లా నిలబెట్టమని ఇస్తే సగం మనుషుల్ని ముసలామె తినేసింది. ఆపా ఒక సబ్బు పెట్టె తీసుకుని పైన మూత అతికించి, దాని పక్కన ఒక్క పల్లీని నిలబెట్టింది.

"ఇదేంది ఆపా?" అన్నాను.

"జిరాక్స్ మిషను. గీడ ఒక మనిషి, కాగితం సదివి చెప్పెటోడు. గంతే."

డిజైనర్ మోకాళ్ళ మీద కూర్చుని, "అక్కా, ఇంకా పెద్ద కల కనండి. ఖర్చు గురించి ఆలోచించొద్దు," అన్నాడు.

"ఇగ దీనికన్నా పెద్ద కల ఏముంటది భాయ్?" అంది ఆపా. "దెబ్బ తాకిన్నాడే కాపీ తీసి పెడితే ఎన్నేండ్లయినా ఉంటది. గీ మిషను చీటీలు ఉత్తగనే మాస్తయి. నాది గిప్పటికే సగం మాసింది. దుకాణంల జిరాక్స్ తీపిస్తే తెల్లగ వచ్చింది. పెద్ద మిషను ఉండాల్నట."

అతను పసుపు కాగితం మీద "సాంకేతికత" అని రాశాడు. పటాన్‌చెరులో మా ఆఫీసులో స్కానర్ ఉంది. దాని మూత మీద మేం చాయ్ కప్పులు పెట్టుకునేవాళ్ళం. ఆ పూట ఆపాను ఆటోలో ఎక్కించుకుని వెళ్ళి ఆ చీటీని దాని కింద పెట్టి ఉంటే పది నిమిషాల పని. నాకు తట్టలేదు. తట్టకపోవడమేంటి, మేం కలల కోసం వెతుకుతున్నాం, ఆమె పని చెప్పింది.

నాలుగో రోజు ఆమె ఇంటికి వెళ్ళాను. ఇళ్ళకు వెళ్ళి చూడటం కూడా పద్ధతిలో భాగమే. రెండు గదుల కిరాయి ఇల్లు, పైన రేకులు. చీటీ చూపించమంటే ఆపా వంటింట్లో బియ్యం డబ్బా మూత తీసి, బిస్మిల్లా అనుకుని, మోచేతి దాకా చెయ్యి లోపలికి పోనిచ్చింది. అడుగు నుంచి ఒక పాలిథిన్ కవరు వచ్చింది. రేషన్ కార్డు, ఆసుపత్రి చీటీలు, అర్జీ రసీదు, ఇంకో చిన్న కవరులో మడత పెట్టకుండా గేట్ పాస్. అక్కడ ప్రతి ఇంట్లో కాగితాల కవరు బియ్యంలోనే ఉంటుందని అప్పుడే తెలిసింది. రేకుల వేడి తగలదు, వాన తగలదు, వెనక పారే మురికి కాలువ వాసన పట్టదు. పోలీసులో పటేలో వచ్చి బీరువా వెతికినా బియ్యంలో చెయ్యి పెట్టరు. అన్నం పెట్టే చోట పెట్టిన కాగితానికి చెడు జరగదని ఒక నమ్మకం కూడా ఉంది.

నాకు కళ్ళు చెమ్మగిల్లాయి. చెమ్మగిల్లితే అక్కడితో ఊరుకోవాలా వద్దా? ఊరుకోలేదు. ఆటోలో తిరిగి వస్తుంటే నా బుర్రలో పురుగు మెసిలింది. ఒక పొడుగాటి చార్టు మీద ఇంటి నుంచి లేబర్ ఆఫీసు దాకా ఒక దారి గీయాలి. ఏ మలుపులో ఏ కాగితం అడిగారో ఆ మలుపులో ఆ కాగితాన్నే పెట్టాలి. బొమ్మ కాదు, అసలు కాగితం. చూసినవాళ్ళకు గుండె జల్లుమనాలి.

డిజైనర్‌కు చెబితే ఎగిరి గంతేశాడు. "అక్కా, ఇన్నేళ్ళలో ఇంత మంచి ఆలోచన నాకు రాలేదు," అన్నాడు. నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. బడిలో తొమ్మిదేళ్ళు ఎవరూ నన్ను అలా మెచ్చుకోలేదు.

ఆడవాళ్ళు మాత్రం ఒప్పుకోలేదు. "కవరు బయటికి తీసుడా? పీనుగ లేసినప్పుడు తీస్తం, ఆఫీసోడు పిలిస్తే తీస్తం. ఆటకు తియ్యం," అని ముసలామె తెగేసి చెప్పింది. నేను ఒక్కొక్కరినీ బతిమాలాను. వారం రోజుల్లో ఎవరివి వాళ్ళకు తెచ్చిస్తానన్నాను, పూచీ నాదన్నాను. చివరికి ముందుగా లేచింది ఆపానే.

"చెల్లె అడిగింది, ఇయ్యకపోతే మంచిగుండదు," అని మిగతావాళ్ళతో అంది. నాతో మెల్లగా, "మల్ల గిట్లనే ఇస్తవు గద?" అంది.

"నా ప్రాణంలా చూసుకుంటాను ఆపా."

ఆమె వెళ్ళి కవరు తెచ్చింది. ఆమె ఇచ్చాక తక్కిన ఎనిమిది మందీ తెచ్చారు. గేట్ పాస్‌ను చార్టు మీద కుడివైపు, మూడో మలుపులో, నేనే టేపు ముక్కలతో నాలుగు మూలలా పెట్టాను. పెట్టే ముందు, నివేదిక కోసం ఆఫీసు పంపిన ఫోటోలు తీసే అతను ఆపాను చీటీ పట్టుకుని నవ్వమన్నాడు. "గట్టిగా పట్టుకోండి అక్కా, ఊగుతోంది," అన్నాడు. ఆమె గట్టిగా పట్టుకుంది.

మరుసటి వారం ఒక హోటలులో మీటింగు, కంపెనీలవాళ్ళ ముందు ఆ చార్టు పెట్టాలి. వానాకాలం. చార్టును ఆటోలో తీసుకెళ్ళాలి. తడిస్తే ఎట్లా? ఆడవాళ్ళ ప్రాణాలు అందులో ఉన్నాయి. అప్పుడు తట్టింది నా తెలివి. పటాన్‌చెరు మెయిన్ రోడ్డు మీద పెద్ద పెద్ద చార్టులకు లామినేషన్ చేసే దుకాణం ఉంది. ప్లాస్టిక్ వేయిస్తే తడి అంటదు, చివర్లో అంచులు కత్తిరించి ఎవరి కాగితం వాళ్ళకు ఇచ్చేయొచ్చు, పదికాలాలు భద్రంగా ఉంటుంది కూడా.

మీటింగు రోజు పొద్దున తీసుకెళ్ళాను. దుకాణదారు చార్టు పరిచి చూశాడు. "మేడమ్, గిండ్ల మిషను చీటీలున్నయి. వేడి తాకితే గివి..." అంటుండగా నా ఫోను మోగింది. అవతల డిజైనర్, హోటలు హాలులో ప్రొజెక్టరు పని చేయడం లేదట. బయట చినుకులు మొదలయ్యాయి. నాకు ఒళ్ళు మండింది.

"నాకు పాఠాలు చెప్పకు అన్నా. అన్నీ అట్లాగే ఉంచి జల్దీ చెయ్యి," అన్నాను.

"మీ ఇష్టం," అని అతను చార్టును రోలర్ల మధ్యకు తోశాడు.

అవతలి వైపు నుంచి చార్టు మెల్లగా బయటికి వచ్చింది. మొదటి మలుపు బాగుంది, రెండో మలుపు బాగుంది. మూడో మలుపు దగ్గర చీటీ పెనం మీద మరిచిపోయిన రొట్టెలా నల్లగా వచ్చింది. అక్షరం లేదు. గీత లేదు. ఇంకో బస్సు టికెట్టు, ఒక మందుల బిల్లు కూడా అట్లాగే మాడాయి.

"జెప్పిన గద మేడమ్," అన్నాడు దుకాణదారు. వాటి మీద సిరా ఉండదట, వేడికే అక్షరాలు పుడతాయట, ఎక్కువ వేడి తగిలితే మొత్తం అక్షరమే అయిపోతుందట. అతను నిదానంగా, మర్యాదగా చెప్పాడు. ఆ చెప్పేదేదో వినడానికి ముందు నాకు అర నిమిషం లేకపోయింది.

హోటలుకు వెళ్ళి డిజైనర్‌కు చూపించాను. అతని మొహం పాలిపోయింది. ఆ మాట చెప్పాలి, నిజంగానే పాలిపోయింది. "ఆవిడ దగ్గర కాపీ ఉండే ఉంటుంది కదా?" అన్నాడు. "ఉండే ఉంటుంది," అన్నాను. జిరాక్స్ తెల్లగా వచ్చిందని ఆపా చెప్పినప్పుడు ఇద్దరం అక్కడే ఉన్నాం. ఇద్దరికీ గుర్తుంది. కాసేపు అతను చార్టును దూరం నుంచి, దగ్గర నుంచి చూశాడు. చూసి, "అక్కా, నిజం చెప్పనా? ఇది ఇంకా బలంగా ఉంది," అన్నాడు.

బలంగా ఉందట. చెప్పు తీసుకుని కొట్టాల్సింది, కొట్టలేదు. ఎందుకంటే ఆ మాట వినగానే నాకు కొంచెం ఊపిరి ఆడింది, సిగ్గు లేకుండా చెబుతున్నాను. మీటింగులో ఆ నల్ల చీటీకి "చెరిగిపోయిన సాక్ష్యం" అని పేరు పెట్టాడు. కంపెనీల పెద్దలు దాని ముందు ఎక్కువసేపు నిలబడ్డారు. ఒకాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. చప్పట్లు కొట్టారు. కార్మిక కుటుంబాల అసలు సమస్య కాగితాలు పోగొట్టుకోవడమేనని అందరూ ఒప్పుకున్నారు. కేంద్రం సంగతి తరువాతి దశలో చూద్దామని, ముందు కాగితాలు దాచుకునే ఒక మంచి సంచి తయారు చేద్దామని తీర్మానించారు. అరలు అరలుగా, రంగు రంగుల బట్టతో, "కుటుంబాలతో కలిసి రూపొందించినది" అని మీద అచ్చు వేయించి.

ఆపాకు చెప్పకుండా పదకొండు రోజులు తిరిగాను. గడ్డపోతారం వైపు పని పడితే జ్వరమని చెప్పాను. చివరికి అమ్మ దగ్గర కక్కాను. అమ్మ చిక్కుడుకాయ గిల్లుతూ అంతా విని, "కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందట. చేసిందాని కంటే దాచిపెట్టడం పెద్ద పాపం. లే, వెళ్ళి చెప్పు," అంది.

ఉద్యోగంలో ఇచ్చిన కత్తెరతోనే నల్ల చీటీని చుట్టూ కత్తిరించి పట్టుకెళ్ళాను. ఆపా గుమ్మంలోనే ఎదురొచ్చింది. మొహం వెలిగిపోతోంది.

"వచ్చినవా చెల్లె! జ్వరమన్నరు, తగ్గిందా? లేబర్ ఆఫీసుల తారీకు వడ్డది. నీకే ఫోన్ చేద్దామనుకుంటున్న. కూసో, చాయ్ పెడత."

నేను చీటీని ఆమె చేతిలో పెట్టాను. ఆమె గుర్తుపట్టలేదు.

"గిదేంది?"

"గేట్ పాస్ ఆపా."

ఆమె దాన్ని గుమ్మం దగ్గరికి తీసుకెళ్ళి వెలుతురుకు పట్టింది. ఏటవాలుగా వంచి చూసింది. ప్లాస్టిక్ మీద గోటితో గీకింది. లోపల్నుంచి భర్త వచ్చాడు, ఎడమచేత్తో అందుకుని తిప్పి చూశాడు. నేను జరిగిందంతా చెప్పాను, దుకాణదారు మాట మధ్యలో తుంచేసిన సంగతి కూడా.

"మూడేండ్లు బియ్యంల పెట్టిన," అంది ఆపా. "ఎండ పడనియ్యలే. తడి తాకనియ్యలే. ఎలుక గూడ కొరకలే చెల్లె."

"భద్రంగా ఉండాలని చేశాను ఆపా."

"పోనీలే," అన్నాడు ఆయన మెల్లగా. "పాపం, కావాల్నని చేసిందా?"

అప్పుడు లేచింది ఆపా గొంతు, నా మీద కాదు, ఆయన మీద. "నువ్వు సప్పుడు జెయ్యకు! చెయ్యి పోయిన్నాడు గూడ గిదే మాటన్నవ్. కావాల్నని చేసిండ్రా, కావాల్నని చేసిండ్రా అని. ఎవ్వరు కావాల్నని చేస్తలేరు. మరి మనమెందుకు ఖరాబైతున్నం?"

ఆయన తల దించుకుని చీటీని చొక్కా జేబులో పెట్టుకున్నాడు. నేను ఏడ్చాను. నన్ను ఎవరూ ఓదార్చలేదు, ఓదార్చాల్సిన అవసరమూ లేదు.

ఒక ఆశ మిగిలిందనుకున్నాను, ఆ ఫోటో. మా నివేదికకు అదే ముఖచిత్రం వేశారు. ఆపా నవ్వు మొహం, చేతిలో గేట్ పాస్. ఆఫీసు కంప్యూటరులో ఎంత పెద్దది చేయొచ్చో అంత పెద్దది చేశాను. పైన కంపెనీ ముద్ర సగం కనిపించింది. పేరు, తేదీ, టైము ఉన్న చోట ఆమె బొటనవేలు ఉంది. గట్టిగా పట్టుకోమన్నాం కదా, గట్టిగానే పట్టుకుంది.

"నేనొచ్చి సాక్ష్యం చెబుతాను ఆపా," అన్నాను ఫోనులో.

"నువ్వు సూసినవ్ గద? సదివినవ్ గద?"

"చూశాను," అన్నాను.

విచారణకు ముందు వారం సంచులు తయారై వచ్చాయి. హాలులో చిన్న సభ పెట్టి పంచారు. ముఖచిత్రంలో ఉన్న మనిషి కాబట్టి మొదటి సంచి ఆపాకే ఇప్పించారు. ఆమె తీసుకుంది. పక్కన ఆమె భర్త సంచి తిరగేసి, కుట్టు మీద ఎడమ బొటనవేలు నడిపించి, "కుట్టు సాఫ్ లేదు. ఆరు నెలలకు ఊసిపోతది," అన్నాడు. దర్జీ కదా, అదే చూశాడు.

విచారణ రోజు ఉదయం సంగారెడ్డి వెళ్ళాను. ఆపా, భర్త అప్పటికే బెంచీ మీద కూర్చుని ఉన్నారు, ఆమె ఒళ్ళో ఆ రంగు సంచి. లోపల నల్ల చీటీ, అర్జీ కాగితాలు. ఎదుటి బెంచీ మీద కాంట్రాక్టరు తరఫు మనిషి, తెల్లచొక్కా. నేను వచ్చే ముందు రాత్రి అర్జీ నకలు మొదటి పేజీ చూసి తేదీ ఒక్కటే బట్టీ పట్టాను. ఆపా ముందు తల ఎత్తుకోవాలంటే ఇదొక్కటే దారి అనుకున్నాను.

ఆఫీసరమ్మ చీటీని అటూ ఇటూ తిప్పి చూసి నన్ను పిలిచింది. మంచిగానే అడిగింది.

"ఇది పాడవక ముందు మీరు చూశారా?"

"చూశానండి. నా చేత్తోనే చార్టు మీద పెట్టాను."

"తేదీ ఏముంది?"

చెప్పాను. ఆమె అర్జీలో చూసుకుని తల ఊపింది. ఆపా నా వైపు చూసింది. ఆ చూపులో ఆశ ఉంది, నాకు కనిపించింది.

తెల్లచొక్కా అతను లేచాడు. "తేదీ అర్జీలో గూడ ఉన్నది మేడమ్. చీటీ మీద లోపలికి పోయిన టైం ఉంటది. అదెంత?"

మనసులో లెక్క వేసుకున్నాను. దెబ్బ తగిలింది సాయంత్రం. సాయంత్రం షిఫ్టు రెండింటికి మొదలవుతుంది. పటేల్‌గూడలో పుట్టినదాన్ని, షిఫ్టు టైములు నాకు తెలియకపోవడమేంటి?

"రెండు గంటలు," అన్నాను.

ఆపా భర్త కళ్ళు మూసుకున్నాడు. తెల్లచొక్కా అతను నవ్వకుండా కూర్చున్నాడు, నవ్వాల్సిన అవసరం కూడా లేకపోయింది. అర్జీలో పొద్దున ఆరు అని ఉంది. నిద్ర చాలక, డబల్ డ్యూటీలో, ఆయన చెయ్యి పోయిందని ఉంది. నాకు అప్పుడు గుర్తొచ్చింది, పొద్దుగాల ఆరింటికి పోయిండు చెల్లె, ఇంటరా అని. నేను ఆ మాటంతా తీసుకుని నీలం కాగితం మీద "అలసట" అని రాసి గోడకు అంటించాను.

"నేను పొరపాటు... ఆ చీటీ కుడివైపు, మూడో మలుపులో ఉండేదండి, పసుపు కాగితం పక్కన," అన్నాను. ఎందుకన్నానో తెలియదు. నాకు దాని గురించి నిజంగా తెలిసింది అంతే.

"అమ్మా, ఎక్కడ అతికించారో కాదు. దాని మీద ఏముందో ఎప్పుడైనా చదివారా?" అని అడిగింది ఆఫీసరమ్మ.

చదవలేదు. నా చేత్తో పట్టుకున్నాను, నాలుగు మూలలా టేపు వేశాను, వంకర పోకుండా సరిచేశాను. రంగు చూశాను, సైజు చూశాను. ఒక్కసారి చదవలేదు. ఆ మాట పైకి చెప్పాను. ఆమె రాసుకుంది, నేను చెప్పిన రెండు గంటలు కూడా రాసుకుంది.

మోసుకొచ్చిన ఒడిశా మనిషిని వెతికి తెచ్చుకోమని ఇంకో తారీకు ఇచ్చారు. అతను దొరకలేదు. తరువాత అర్జీ కొట్టేశారని నాకు ముసలామె చెప్పింది, ఆపా చెప్పలేదు.

ఆ రోజు ముగ్గురం బయటికొచ్చి బస్టాండు దాకా నడిచాం. నేను దారి పొడుగునా ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉన్నాను, వకీలును చూద్దామని, పైకి అప్పీలు చేద్దామని, డిజైనర్‌తో చెప్పి కంపెనీవాళ్ళను కలుద్దామని. ఆయన ఊ కొట్టాడు. ఆపా రెండడుగులు ముందు నడిచింది. పటాన్‌చెరు బస్సు ఆగేచోట నిలబడ్డాక, సంచిలోంచి అర్జీ కాగితాలూ నల్ల చీటీ తీసి తన పాత పాలిథిన్ కవరులో పెట్టుకుంది. ఆ కవరు కొంగులో తెచ్చుకుంది. ఖాళీ సంచిని దులిపి, నాలుగు మడతలు పెట్టి, నా చేతికి ఇచ్చింది.

"ఇది మీరే ఉంచుకోండి మేడమ్," అంది. "మా కాగితాలు మీకే పనికొచ్చినయి గద."

బస్సు వచ్చింది. ఆయన ఎడమచేత్తో కమ్మీ పట్టుకుని ఎక్కాడు, ఆమె వెనకాల ఎక్కింది. నేను వెళ్ళాల్సిందీ ఆ బస్సులోనే. ఎక్కలేదు.